పరిశోధన వ్యాసాలలో సహకర్తృత్వం: ఒక అభ్యంతరం

పరిశోధక విద్యార్థి రాసిన వ్యాసానికి పర్యవేక్షకుల పేరును కూడా చేర్చడం తెలుగు శాఖలలో ఆనవాయితీగా మారుతున్నది. అంశాన్ని సూచించినవారు, దారి చూపినవారు కర్తలు కారా అన్నది దీనికి చెప్పే సమర్థన. ఈ వాదం నిలవదు.

విజ్ఞానశాస్త్రాలలో ఇది మామూలే కదా అంటూ ఉప్పల్ రోడ్డులోని పరిశోధన సంస్థలను ఉదాహరిస్తారు. ఆ ఉదాహరణనే పరిశీలిద్దాం. అక్కడి సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ భాగస్వాములుగా భారతీయ జనసమూహాల జన్యుచరిత్రపై 2009లో 'నేచర్' పత్రికలో వెలువడిన వ్యాసానికి కర్తలు అయిదుగురు. నమూనాల సేకరణ, జన్యు విశ్లేషణ, గణన ఒక్కరి వల్ల అయ్యే పనులు కావు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఫలితాలను ఏ మాటలలో చెప్పాలన్న దానిపై హైదరాబాదు సహకర్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారనీ, ఆ చర్చ నుంచే 'ఉత్తర భారత పూర్వికులు', 'దక్షిణ భారత పూర్వికులు' అన్న పరిభాష పుట్టిందనీ డేవిడ్ రైక్ 2018 నాటి తన గ్రంథంలో చెప్పారు. వ్యాసంలోని ప్రతి మాటకూ జవాబుదారీ వహించడమంటే అది. సాధారణ పర్యవేక్షణ మాత్రమే కర్తృత్వానికి చాలదని వైద్య పత్రికా సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమాలు కూడా స్పష్టంగానే చెబుతున్నాయి.

ఉప్పల్ పక్కనే ఉన్న నాచారంలో స్టూడియో నెలకొల్పిన ఎన్.టి. రామారావు 'దానవీరశూరకర్ణ' (1977)ను నిర్మించి, దర్శకత్వం వహించి, నటించారు. అయినా మాటల రచయితగా తెరమీద కనిపించే పేరు కొండవీటి వెంకటకవిది. సినిమావారు పాటించిన ఈపాటి మర్యాద మనకు బరువైందా?

మన సాహిత్యంలో దీనికి పూర్వాదర్శం లేకపోలేదు. భాస్కర రామాయణం నలుగురి రచన. ఎవరి కాండ ఎవరిదో సాహిత్య చరిత్రకారులు విడదీసి చెప్పగలుగుతున్నారు. యుద్ధకాండను భాస్కరుడు కొంత రచించగా మిగిలినది అయ్యలార్యుడు పూరించాడు. రేపు మన వ్యాసాలను అలా విడదీయగలరా?

ఇందులో నష్టం ఊహాజనితం కాదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం భాషా విభాగాలలో ఒక్కరే రాసిన వ్యాసానికి 10 పాయింట్లు. ఇద్దరి పేర్లుంటే ఒక్కొక్కరికి 70 శాతం, అంటే 7. రెండో పేరు చేరగానే రాసినవారు 3 పాయింట్లు కోల్పోతారు, రాయనివారికి 7 వస్తాయి. ఉద్యోగం ఉన్నవారికి అవి పదోన్నతిలో ఒక అంకె. ఉద్యోగం కోసం చూస్తున్నవారికి ఎంపిక జాబితాలో స్థానం.

పాఠాంతరాన్ని పట్టి వాదాన్ని మలుపు తిప్పిన, ఒక భాగాన్ని స్వయంగా రాసిన పర్యవేక్షకులు నిస్సందేహంగా సహకర్తలే. కనుక ఏ భాగం ఎవరిదో కర్తలందరి చేత రెండు వాక్యాలలో రాయించుకొని, వ్యాసంతోపాటే ముద్రించాలని సంపాదకవర్గాలను కోరుతున్నాను. ఆ వాక్యం రాయలేనివారి పేరును కృతజ్ఞతలలో చేర్చవచ్చు.