పిలిచి యాడించు నాటలు

మన యిండ్లలో మధ్యాహ్న భోజనములై, వంటయిల్లు సర్దుకొన్న పిమ్మట, పిల్లలు బడినుండి వచ్చులోగా దొరకెడు గంటయో గంటన్నరయో స్త్రీలది. ఆ వేళ పూర్వము గవ్వలాటయు వామనగుంటలును సాగెడివి. ఇప్పుడు చేతిలో ఫోనున్నది. అందులో రంగురంగుల మిఠాయిలను మూడేసిగా పేర్చు నాట యున్నది. అది చూచి “ఇంటి యిల్లాలికి ఆటలేమి?” అని గొణిగెడు పెద్దలు లేకపోలేదు. ఆ గొణుగుడుతో నాకు పని లేదు. దినమంతయు షేరుధరలు చూచుకొనుచు, క్రికెట్టు లెక్కలు కట్టుకొనుచు నుండు మగవారి నెవ్వరును ఈ ప్రశ్న యడుగరు గదా! శ్రమించినవారికి వినోదము న్యాయమే. నేనీ నెల వ్రాయదలచినది వేఱొక సంగతి. మనకు తోచినప్పుడు మనమాడుచున్నామా, లేక ఆట పిలిచినప్పుడు మనము పోవుచున్నామా?

ఒక సోదరి వ్రాసిన జాబు నన్నీ యాలోచనలో పెట్టినది. ఆమె ఫోనులో ఆడెడు నాటయందు ప్రతిదినమును ఒక కానుక యిత్తురట. అఱువది మూడు దినములు ఒక్కటియు తప్పక ఆ కానుక నందుకొన్నదట. ఇంతలో కూతురి పురుటికై రైలులో బయలుదేఱవలసి వచ్చినది. దారిలో సిగ్నలు లేదు, అర్ధరాత్రి దాటిపోయినది. మఱునా డుదయమున ఫోను తెఱచి చూడగా లెక్క మఱల ఒకటికి వచ్చినది. “మనుమరాలిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నప్పుడు సయితము ఆ సంగతియే మనస్సులో ముల్లువలె గ్రుచ్చుకొనుచుండెను. ఇంత వయస్సు వచ్చి నాకీ వెఱ్ఱి యేమి?” అని యామె యడిగినది.

అమ్మా, అది మీ వెఱ్ఱి కాదు. ఇట్లు కలుగవలయుననియే బుద్ధిమంతులైన పలువురు జీతములు పుచ్చుకొని ఆ యాటను కట్టిరి. ఆ కానుకను కొంచెము పరిశీలింపుడు. మొదటి దినమున నాలుగు నాణెములు, రెండవ దినమున మఱికొన్ని, ఏడవ దినమున పెద్దపెట్టె. ఒకనాడు తప్పినచో మఱల మొదటికి. ఆ కానుక మీరు బాగుగా ఆడినందుకు ఇచ్చినది కాదు. అసలు ఆడినందుకే కాదు, వచ్చినందుకు! తొలివారమున మిమ్ము లాగినది రాబోవు నాణెములు. అఱువదవ దినమునకు లాగునది, కూడబెట్టినది పోవునేమో యను భయము. ఒక రూపాయి దొరికిన సంతోషముకంటె ఒక రూపాయి పోయిన దుఃఖము మనుష్యునకు బరువుగా తోచునని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ యను నిరువురు పండితులు 1979లో సిద్ధాంతముగా ప్రతిపాదించిరి. పోపుడబ్బాలో చిల్లర దాచుకొను మనకు ఈ సంగతి వారు చెప్పకమునుపే తెలియును. అయితే ఆ దుర్బలతను ఆటలో గడియారమువలె బిగింపవచ్చునని మనకు తోచలేదు.

ఇంతకంటె గట్టి పట్టు మఱియొకటి కలదు. అమెరికాలో బి. ఎఫ్. స్కిన్నరను మనశ్శాస్త్రజ్ఞుడు పావురములను పెట్టెలలో పెట్టి, ముక్కుతో మీటను పొడిచినప్పుడు గింజలు పడునట్లు ఏర్పాటు చేసెను. ఇన్ని పోటులకు ఇన్ని గింజలని నియమమున్నప్పుడు పావురము గింజలు తిని కొంతసేపు విశ్రమించెడిది. ఎన్ని పోటులకు గింజ పడునో తెలియకుండ జేసినప్పుడు మాత్రము అది విసుగు విరామము లేక పొడుచుచునే యుండెను. గింజలు బొత్తిగా నిలిపివేసినను చాల సేపటివఱకు మానలేదు. స్కిన్నరును, ఆయన సహచరుడగు చార్లెస్ ఫెర్‌స్టరును ఇట్టి పరీక్షల ఫలితములను 1957లో పెద్ద గ్రంథముగా ప్రకటించిరి. జూదపు యంత్రములలోని కీలకము కూడ ఇదియేయని స్కిన్నరు స్వయముగా చెప్పియున్నాడు.

దీనికి పావురములదాక పోనేల? దినమును ఆఱు గంటలకు వచ్చు పాలవానికై ఎవరును వీథివాకిట నిలువరు. ఉత్తరము తెచ్చునో తేడో తెలియని తపాలా బంట్రోతు సైకిలుగంట వినబడినచో, పొయ్యిమీద పాలు పొంగుచున్నను పరుగెత్తెడివారము. ఆటలోని పెట్టెలును, త్రిప్పుడు చక్రములును ఆ తపాలా బంట్రోతులే. వుల్ఫ్రం షుల్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు కోతులకు పండ్లరసపు చుక్కలిచ్చి వాని మెదడును పరీక్షించి, 1997లో సహచరులతో కలిసి ప్రకటించిన దొకటి యున్నది. అనుకొనకుండ రసము దొరకినప్పుడు డోపమీను అను రసాయనమును వెలువరించు కణములు చుఱుకుగా పనిచేయును. ముందుగా దీపము వెలిగి సూచన యిచ్చినచో, రసము దొరకినప్పుడు గాక ఆ దీపము చూచినప్పుడే అవి చుఱుకగును. ఫోను తెఱమీది యెఱ్ఱచుక్కను చూడగానే మన ప్రాణము లేచివచ్చుటకు కారణ మిట్టిదే యనుకొనవచ్చును.

ఈ విద్యను ఆటలలో ఎట్లు ప్రయోగించిరో రెండింటిని జూచిన చాలును. 2009 జూనులో అమెరికాలోని జింగా యను సంస్థ ఫార్మ్‌విల్ అను వ్యవసాయపుటాటను ఫేసుబుక్కులో పెట్టెను. దున్నుట, విత్తుట, కోయుట. చూచుటకు చక్కని యాట. కాని ప్రతి పైరునకును ఒక గడువు. స్ట్రాబెర్రీలు నాటినచో నాలుగు గంటలలో పండును. కోతకు సకాలమున రానిచో వాడి చచ్చును. అనగా ఏ విత్తనము చల్లితిమో, మఱల ఎప్పుడు రావలెనో కూడ మనమే మాట యిచ్చితిమన్నమాట. రాత్రివేళ అలారము పెట్టుకొని లేచి కోతలు కోసినవారు కలరు. 2010లో నెలకు ఎనిమిది కోట్లకు పైగా జనులు ఆ పొలములకు పోవుచుండిరి. 2020 డిసెంబరు 31వ తేదీతో ఆ యాటను మూసివేసిరి. అంతమంది మేలుకొని కాచిన పైరు ఒక గింజయైనను ఎవరి గాదెలోను మిగులలేదు.

రెండవది మన మధ్యాహ్నములలోనికి వచ్చిన మిఠాయిల యాట, క్యాండీ క్రష్ సాగా. కింగ్ అను సంస్థ దీనిని 2012 ఏప్రిలులో ఫేసుబుక్కులోను, ఆ యేడు నవంబరులో ఫోనులలోను విడుదల చేసెను. ఇందు ఆడువారికి ఐదు ప్రాణములుండును. ఓడినప్పుడెల్ల ఒకటి పోవును. పోయిన ప్రాణము తిరిగి వచ్చుటకు అరగంట. ఐదును పోయినచో అన్నియు నిండుటకు రెండున్నర గంటలు. ఓపిక లేనిచో స్నేహితుల నడుగవచ్చును, లేదా డబ్బిచ్చి కొనవచ్చును. ఆడువారిని ఆపివేయుట సంస్థకు నష్టము గదా యని మొదట నాకును తోచినది. కాదు, ఇందులోనే నేర్పున్నది. పండుగనాడు బూరెలు వలసినన్ని వడ్డించినచో నాలుగింటితో మొగము మొత్తును. ఒకటి వడ్డించి, మఱియొకటి అరగంటకు వచ్చునన్నచో చూపులన్నియు వంటయింటి గుమ్మము మీదనే! విసుగు పుట్టువఱకు ఆడనిచ్చినచో ఫోను దింపి మఱచిపోవుదుము. తనివి తీఱకమునుపే ఆపినచో అరగంట కొకసారి గడియారము చూతుము. పప్పు తాలింపు వేయుచు, పిల్లవానికి లెక్క చెప్పుచు, మనస్సులో ఒక మూల ఆ ప్రాణము నిండినదా యని లెక్కించుచుందుము. ఆడిన సమయము కంటె ఈ యెదురుచూపు తీసికొనిపోవు సమయమే యెక్కువ యని నా యభిప్రాయము. దానిని ఏ ఫోనును లెక్కకట్టి చూపదు.

ఓటమిలో కూడ ఒక యెర యున్నది. ఇంకొక్క ఎత్తున్నచో గెలిచియుండెడిదానను అను స్థితిలో ఆట ముగియుట మీరు చూచియే యుందురు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2017లో ఈ యాటనే పరీక్షించి, దూరముగా ఓడినప్పటికంటె అంచున ఓడినప్పుడు చిరాకును, వెంటనే మఱల ఆడవలెనను కోరికయు అధికమగునని కనుగొనిరి. ఆ క్షణముననే “మఱి ఐదు ఎత్తులు కొనెదరా?” అని తెఱ యడుగును. డబ్బు చెల్లించువారు ఆడువారిలో కొద్దిమందియే. తక్కినవారివలన సంస్థకు లాభము లేదనుకొనరాదు. వారు చూచు ప్రకటనలు, పిలుచుకొనివచ్చు స్నేహితులు, అన్నియు లెక్కలోనివే.

జపానులో దీని నింకను దూరము తీసికొనిపోయిరి. నాణెము వేసి త్రిప్పినచో గుండ్రని డబ్బీలో ఏదో ఒక బొమ్మ పడు యంత్రములు అక్కడ వీథులలో నుండును. ఆ పద్ధతిని ఫోను ఆటలలోనికి తెచ్చి, సెట్టు పూర్తిచేసినవారికి అరుదైన బహుమానమనిరి. బొమ్మలకొలువు పెట్టు మనకు ఇది చక్కగా అర్థమగును. దశావతారములు పది బొమ్మలనుకొందము. పదియు సమానముగా పడుననియే యనుకొందము. మొత్తము సెట్టు కుదురుటకు సగటున 29 సార్లు త్రిప్పవలసివచ్చును. అందులో తొమ్మిది బొమ్మలకు 19 సార్లు; కడపటి కల్కి యొక్కనికే పది సార్లు! ఇక ఆ కల్కిని కావలెనని అరుదుగా పడునట్లు చేసినచో లెక్క యెక్కడికి పోవునో మీరే యూహింపుడు. తొమ్మిది కూడిన పిమ్మట కొలువులో ఖాళీ చూచి ఊరకుండగల యిల్లాలెవ్వతె? 2012 మే నెలలో జపాను వినియోగదారుల వ్యవహారముల శాఖ ఈ సెట్టు పద్ధతి చట్టవిరుద్ధమని ప్రకటించెను.

అదృష్టము మన గవ్వలలో మాత్రము లేదా యని కొందఱడుగవచ్చును. ఉన్నది. అష్టా పడినను చెమ్మా పడినను మఱియొక పందెము వచ్చుననియే గదా గవ్వలు గలగలలాడించు ఉత్సాహము! కాని గవ్వలకు మన పేరు తెలియదు. నిన్న రాలేదేమని అవి యడుగవు. మనమెంతసేపు ఆడితిమో, ఎక్కడ విసిగితిమో వ్రాసికొని, ఆ విసుగునకు తగిన కానుకను రేపటికి సిద్ధము చేయవు. కాయలు పండినచో ఆట ముగియును. ఎదుట కూర్చున్న వదినగారితో నాలుగు మాటలు మిగులును. భారతములో ధర్మరాజునకు జూదములోని కీడు తెలియకపోలేదు; విదురుడు వచ్చి చెప్పనే చెప్పెను. పిలిచినప్పుడు పోకుండరాదని పోయెను. ద్రౌపదికి లభించిన వరములతో బయటపడిన పిమ్మట మఱల పిలిచిరి, మఱల పోయెను.

ప్రభుత్వములు కొంత మేల్కొన్నవి. డబ్బు పందెముగా ఒడ్డు ఆన్‌లైను ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసినది. డబ్బిచ్చి కొను అదృష్టపు పెట్టెలు జూదమేయని బెల్జియము 2018లో నిర్ణయించెను. చైనాలో 2021 నుండి పదునెనిమిదేండ్ల లోపువారు శుక్ర శని ఆదివారములును సెలవుదినములును, రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిది వఱకు మాత్రమే ఆడవలెనను నియమము వచ్చినది. ఆటమీద అదుపు తప్పి, తక్కిన జీవితమంతయు వెనుకబడి, కీడు కనబడుచున్నను మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో రోగముల పట్టికలో చేర్చినది. మధ్యాహ్నము కొంతసేపు మిఠాయిలు పేర్చుకొను సోదరీమణులు ఇది చదివి బెదరనక్కఱలేదు. అది వారిని గుఱించిన మాట కాదు. అయితే ఈ చట్టములలో పెక్కింటి దృష్టి డబ్బుమీద నున్నది. మన మధ్యాహ్నమును పందెముగా ఒడ్డించుకొను నాటకు మన దేశపు చట్టమేదియు అడ్డురాదు.

కావున ఇంటిలో చేయదగిన పని ఇంటివారే చేసికొనవలెను. ఆట తీసివేయుమని నేను చెప్పను. దాని పిలుపును తీసివేయుడు. ఫోను సెట్టింగులలో ఆ యాట పేరు వెదకి, నోటిఫికేషన్లు ఆపివేసినచో ప్రాణములు నిండినవనియు, కానుక వచ్చినదనియు అది కేక వేయలేదు. మీకు తీరిక కలిగినప్పుడు మీరే పోవుదురు. జాబు వ్రాసిన సోదరి దినముల లెక్కను ఈసారి ఏడెనిమిది దినములకే కావలెనని ఒకనాడు తప్పించి చూడవలెను. మొదటిసారి కష్టముగా నుండును, రెండవసారి ఆ కష్టముండదు. కోడలో కూతురో ఆడుచున్నచో “ఎప్పుడును ఆ ఫోనేనా” యను మాటకంటె, ప్రక్కన కూర్చుండి ఆ పెట్టె ఎట్లు తెఱచుకొనునో, ఏడవ దినపు కానుక ఏమో చూపించుమని యడుగుడు. చూపించుచు చూపించుచు వారికే నవ్వు వచ్చుట నేనెఱుగుదును.

పిల్లల విషయములో మాత్రము జాగ్రత్త వేఱు. అమెరికాలో ఫోర్ట్‌నైట్ అను నాటలో తల్లిదండ్రుల యనుమతి లేకయే పిల్లలు వస్తువులు కొనగలిగిరనియు, మీటల యమరికవలన ఒక్క నొక్కుతో అనుకొనని కొనుగోళ్లు జరిగిననియు అక్కడి వాణిజ్య సంఘము ఆరోపింపగా, ఆ యాట యజమానులగు ఎపిక్ సంస్థవారు 24 కోట్ల 50 లక్షల డాలర్లు తిరిగి యిచ్చుటకు 2022 డిసెంబరులో ఒప్పుకొనిరి. మన ఫోనులలో ప్లే స్టోరు సెట్టింగులయందు, ప్రతి కొనుగోలునకును సంకేతపదము గాని వ్రేలిముద్ర గాని యడుగవలెనను ఏర్పాటు కలదు. అది పెట్టుకొనుడు. ఆ సంకేతపదము పిల్లవాని పుట్టినతేదీ కాకుండ చూచుకొనుడు. పొరపాటున డబ్బు పోయినచో బ్యాంకు సందేశము చూచిన వెంటనే, 48 గంటలు దాటకముందే, ప్లే స్టోరులో వాపసు కోరవలెను.