రైలు దిగేది తెల్లారి, గది ఇచ్చేది మిట్టమధ్యాహ్నం

పోయిన మంగళవారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, దిగాం. హోటల్లోనే ఉన్నాం. గది మాత్రం పన్నెండింటికి ఇస్తారట, కూర్చున్నాం" అంది. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. ఫిర్యాదు చెయ్యడం ఆవిడకి ఏనాడూ రాదు. ఒళ్లు మండింది నాకు.

పిఠాపురం నుంచి రాత్రి రైల్లో వచ్చారు. బావగారికి డెబ్బై రెండేళ్లు, షుగరు. పంజాగుట్టలో గుండె డాక్టరు దగ్గర చూపించుకోవాలి. పరగడుపున ఒకసారి రక్తం ఇవ్వాలి, తిన్న రెండు గంటలకి మళ్లీ ఇవ్వాలి. మా ఇల్లు వనస్థలిపురం దాటి లోపలికి. అక్కణ్నుంచి పొద్దుటిపూట పంజాగుట్ట చేరడం కష్టమని, నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక, బెంగళూరులో ఉన్న మేనల్లుడు గచ్చిబౌలిలో హోటల్ బుక్ చేశాడు. ఫోన్లో ఫొటోలు బాగున్నాయి, చుక్కలు బాగున్నాయి. 2,600 రూపాయలు.

నేను వెళ్లేసరికి బావగారు లాబీలో సోఫా అంచున కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఈసీజీ కాగితాల కవరు. కాళ్ల దగ్గర చేతిసంచీ, అందులోంచి తువ్వాలు కొస బయటికి వేలాడుతోంది. కింద ఉన్న చిన్న బాత్‌రూమ్‌లో పళ్లు తోముకున్నారు. స్నానం లేదు. స్నానం చెయ్యకుండా ఇల్లు కదలని మనిషి. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. "సిస్టమ్ తీసుకోదు సార్. ఇప్పుడే కావాలంటే సగం రోజు అద్దె అదనం" అన్నాడు. ఖాళీ గదులు ఉన్నాయా అంటే, నాలుగో అంతస్తంతా ఖాళీయే అని కూడా అతనే చెప్పాడు.

ఖాళీ గది పైన, స్నానం లేని పెద్దమనిషి కింద. మధ్యలో సిస్టమ్.

పదమూడు వందలు నేనిస్తానంటే అక్క ససేమిరా అంది. ఏడున్నరకి అలాగే ఆటో ఎక్కారు. మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చి గదిలోకి వెళ్లారు, రాత్రి రైలుకని ఏడింటికి ఖాళీ చేశారు. అయిదు గంటలకి, పన్నుతో కలిపి 2,730 రూపాయలు.

తెలుగు జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చే మనిషి ఎప్పుడు దిగుతాడో ఈ నగరానికి తెలియదా? విశాఖ నుంచి గోదావరి, కాకినాడ నుంచి గౌతమి, తిరుపతి నుంచి నారాయణాద్రి. అన్నీ సాయంత్రమో రాత్రో బయల్దేరి తెల్లవారుజామునో పొద్దున్నో ఇక్కడికి చేరేవే. రాత్రి బస్సులూ అంతే. పగలు పని చూసుకుని, రాత్రి రైలెక్కి వెళ్లిపోవడం మనవాళ్ల పద్ధతి. సెలవు ఒక్కరోజే దొరుకుతుంది, ఇంట్లో గేదె ఉంటుంది, బడికెళ్లే పిల్లలుంటారు. ఆ మనిషికి కావలసింది పొద్దున అయిదున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా ఒక తలుపు, ఒక బకెట్టు వేడినీళ్లు, నడుం వాల్చడానికి మంచం. పన్నెండు నుంచి మర్నాడు పదకొండు దాకా అనే లెక్క విమానం దిగి వచ్చేవాడి కోసం పెట్టింది. రైలు దిగేవాడికి అది జరిమానా.

నాంపల్లిలో, లక్డీకాపూల్‌లో, సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట పాత లాడ్జీల మీద ఇప్పటికీ ఒక బోర్డు కనబడుతుంది: 24 గంటల చెకవుట్. మీరు ఏ వేళకి అడుగుపెడితే మర్నాడు ఆ వేళ దాకా గది మీది. గోడ రంగు వెలిసి ఉండొచ్చు, లిఫ్టు ఇరుకుగా ఉండొచ్చు. కానీ ఆ ఒక్క వాక్యంలో ప్రయాణికుడి మీద ఉన్న గౌరవం, అద్దాల మేడల్లో స్వాగత పానీయంలో లేదు. నా పట్టుదల తెలిసినవాళ్లు విసుక్కున్నా సరే, మళ్లీ చెబుతున్నాను: గది ఎంచుకునేటప్పుడు ఫొటోలు చూడకండి. ముందు ఫోన్ చేసి "మీది 24 గంటలదేనా?" అని అడగండి. తిరుమలలో గది ఇచ్చేది కూడా 24 గంటల లెక్కనే. కొండ మీద అంత జనంతో సాధ్యమైనది, కొండాపూర్‌లో ఎందుకు సాధ్యం కాదు? గది శుభ్రం చెయ్యడానికి వ్యవధి కావాలి అంటారు. నిజమే. శుభ్రం చేసి తాళం వేసిన గది పైన ఉండగా ఆ మాట చెల్లదు.

రెండో ప్రశ్న, పని ఎక్కడ అని. ఊరు కాదు, పని. హైదరాబాద్ వెళుతున్నాం అంటే సరిపోయే రోజులు పోయాయి. అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకి మారింది. వీసాకి వేలిముద్రలు ఇచ్చేది మాత్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో. పాత జ్ఞాపకంతో బేగంపేటలో గది తీసుకున్న తల్లిదండ్రులు నాకు తెలుసు. 2025 జనవరిలో చర్లపల్లిలో కొత్త టెర్మినల్ తెరిచారు. అది నగరానికి తూర్పు కొస, మెట్రో లేదు. గచ్చిబౌలి పడమటి కొస, అక్కడా లేదు, రాయదుర్గంతో సరి. చర్లపల్లిలో దిగి గచ్చిబౌలిలో బస పెట్టుకునేవాళ్లకి గది అద్దెలో సగం ఆటోకే పోతుంది. ఆస్పత్రి పంజాగుట్టలో అయితే బస ఖైరతాబాదులోనో అమీర్‌పేటలోనో ఉండాలి. మెట్రో పొద్దున ఆరింటికే మొదలవుతుంది, ఒకటో రెండో స్టేషన్లు దాటితే ఆస్పత్రి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇంతకు మించిన విలాసం లేదు.

ఆ మంగళవారం ఉదయం అక్కావాళ్ల ఆటో షేక్‌పేట మీదుగానే వచ్చింది. ఆ దారి పక్కన కుతుబ్‌షాహీల నాటి సరాయి ఉంది. రెండంతస్తుల రాతి కట్టడం. గోల్కొండకి వచ్చే వర్తకుల బిడారులు దిగేందుకు కట్టారు. మనుషులకి గదులే కాదు, గుర్రాలకీ ఒంటెలకీ కూడా చోటు పెట్టారు. నాంపల్లి స్టేషన్ ఎదుట ఏడో నిజాం కాలపు సరాయి ఇంకొకటి ఉంది, రైలు దిగినవాళ్ల కోసమే కట్టినది. ఏళ్ల తరబడి అది శిథిలమై పడి ఉంది. బాటసారికి బస చూపించడం పాలకుడి బాధ్యత అని ఒకప్పుడు ఈ ఊరు అనుకుంది.

మన కాలంలో ఏమనుకున్నారంటే, 2022 జూలై 17 దాకా వెయ్యి రూపాయల లోపు గదికి జీఎస్టీ లేదు. ఆ మర్నాటి నుంచి 12 శాతం వేశారు. మూడేళ్ల పైన వసూలు చేసి, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించి, తగ్గించామని చెప్పుకున్నారు. ఇవాళ ఎనిమిది వందల గదిలో దిగే కూలీ మనిషికీ, ఏడున్నర వేల గదిలో దిగే అధికారికీ ఒకే శాతం. సున్నా నుంచి అయిదుకి చేరడాన్ని తగ్గింపు అని నేను అనలేను.

ఆ ఎనిమిది వందలు కూడా లేనివాళ్ల సంగతి చెప్పకుండా ఊరుకోలేను. పెద్ద సర్కారు ఆస్పత్రి ఏదైనా రాత్రి పది దాటాక గేటు బయట చూడండి. రోగి పక్కన ఒక్కరికే పాస్. మిగతా కుటుంబం ఫుట్‌పాత్ మీద. దుప్పటి కింద అట్టపెట్టె చించి పరుస్తారు, స్టీలు క్యారేజీ తలగడ పక్కనే పెట్టుకుంటారు, సెల్ ఛార్జింగుకి టీ కొట్టువాడికి పది రూపాయలిస్తారు. ఆడవాళ్లు బాత్‌రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఒక తల్లి నాతో ఆ మాట చెప్పింది, లోపల ఆమె బిడ్డకి సెలైన్ ఎక్కుతోంది. ఆస్పత్రి కట్టేటప్పుడు మంచాల సంఖ్య ప్రకటిస్తారు. మంచానికి ఇద్దరు బంధువులు వస్తారని తెలిసీ వాళ్లు ఎక్కడ పడుకుంటారో ఎందుకు రాయరు? ప్రతి వెయ్యి పడకల భవనానికీ అయిదు వందల మంది పడుకునే సత్రం ఒకటి కలిపి కట్టకపోతే అనుమతి ఇవ్వకూడదు. కార్ల పార్కింగుకి లెక్క ఉంది కదా, మనుషులకి ఎందుకు లేదు?

బావగారు మళ్లీ నెలకి రావాలి. నిన్న సాయంత్రం నేనే ఖైరతాబాద్ వెళ్లి నాలుగు లాడ్జీలు చూసొచ్చాను. మూడోది కుదిరింది. మొదటి అంతస్తు, కిటికీ వీధి వైపు, పాశ్చాత్య మరుగుదొడ్డి, వేడినీళ్లు అయిదింటి నుంచే. 1,100 రూపాయలు. రైలు ఎన్నింటికని మేనేజరు అడిగాడు. చెప్పాను. రిజిస్టరు తెరిచి, అక్క పేరు ఎదురుగా రాశాడు: ఉదయం 5.40.