మన మెస్‌కి ఒక థర్మామీటరు కావాలి

ముందే చెప్పేస్తున్నా, మెస్ తిండి బాగోలేదని ఏడ్చే వ్యాసం కాదిది. అలాంటిది ఫస్టియర్లో నేనూ ఒకటి రాశాను. సాంబారు మీద పేరడీ పద్యం. గణాలు కుదర్లేదని ఎడిటర్ గారు వెనక్కి పంపారు, అది వేరే కథ. ఇప్పుడు రాస్తున్నది నేను చేసిన రెండు తప్పుల గురించి. రెండూ ఒక్క వారంలోనే చేశాను.

సెకండియర్ రెండో సెమిస్టర్, ఫెస్ట్ రోజు. మధ్యాహ్నం అందరం బయట స్టాళ్ళ మీద పడ్డాం, మెస్‌లో వండిన అన్నం గంగాళాల్లో అలాగే మిగిలిపోయింది. రాత్రికి మెనూలో లేని వెజ్ ఫ్రైడ్ రైస్ ప్రత్యక్షమైంది. ఫెస్ట్ స్పెషల్ అనుకుని రెండోసారి కూడా వేయించుకున్నాం. పన్నెండు కాకముందే మా ఫ్లోర్ బాత్రూముల దగ్గర క్యూ.

మా రూమ్మేట్‌కి అందరికంటే ఎక్కువైంది. ముందు వాంతులు, తెల్లవారుజామున విరేచనాలు. నాకేమీ కాలేదు, కాబట్టి హీరోని నేనే. బండేసుకుని హైవే పక్కన తెరిచి ఉన్న మెడికల్ షాపుకి వెళ్ళి "అన్నా, మోషన్స్" అన్నాను. చీటీ అడగలేదు, వయసు అడగలేదు. ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన టాబ్లెట్లు ఒక స్ట్రిప్, ఓఆర్ఎస్ అని పెద్దక్షరాలున్న ఆపిల్ రుచి డబ్బాలు నాలుగు చేతిలో పెట్టాడు. నేనూ ఏమీ అడగలేదు. వాడు ఆ నాలుగూ తాగాడు. తాగిన కొద్దీ విరేచనాలు ఎక్కువయ్యాయి. "లోపలున్నదంతా పోతోందిరా, మంచిదే" అని ధైర్యం చెప్పాను కూడా! పొద్దున ఏడింటికి వాడు మంచం మీంచి లేవలేకపోయాడు. రాత్రి నుంచీ మూత్రం రాలేదని అప్పుడు చెప్పాడు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ సెలైన్ పెట్టిస్తూ ఏమేం ఇచ్చారని అడిగారు. గర్వంగా ఖాళీ డబ్బా చూపించాను. తిప్పి, వెనకాల చిన్నక్షరాలు చదివి, "ఇది జ్యూసు బాబూ" అన్నారు. వాడి క్రియాటినిన్ రెండు రోజులకి గానీ దిగలేదు. వాళ్ళమ్మగారు నర్సీపట్నం నుంచి బస్సులో వచ్చి, "నువ్వుండబట్టి సరిపోయింది నాన్నా" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఏం చెప్పాలో తెలీక తల దించుకున్నాను.

తర్వాత ఆ డబ్బా వెనకున్న లెక్కని లీటరుకి మార్చి చూశాను. పంచదార వంద గ్రాముల పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్ళకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. మొత్తం 20.5 గ్రాములు, అంతే. ఈ అంకెలు ఎవరో రుచి చూసి పెట్టినవి కావు. చిన్నపేగు గోడలో ఒక వాహకం ఉంటుంది. అది గ్లూకోజ్‌నీ సోడియాన్నీ జంటగానే లోపలికి తీసుకెళ్తుంది, వాటి వెనకే నీళ్ళు వెళ్తాయి. కలరాలో కూడా ఈ దారి మూసుకుపోదు. అందుకే ఇంత చవకైన పొడి పనిచేస్తుంది. పంచదార మితిమీరితే లెక్క తిరగబడుతుంది. పేగులో గాఢత పెరిగి, ఒంట్లోని నీళ్ళే పేగులోకి వచ్చేస్తాయి. ఆస్మాసిస్ గురించి ఇంటర్‌లో నాలుగు మార్కుల ప్రశ్నకి జవాబు రాసినవాళ్ళమే మనందరం. ఆ రాత్రి నాకది గుర్తు రాలేదు.

ఈ పొడి చరిత్ర మన దేశంలోనే ఉంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలమంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. పశ్చిమ బెంగాల్ బన్‌గావ్ దగ్గర శిబిరాల్లో కలరా. డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర సెలైన్ సీసాలు చాల్లేదు. ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో నింపారు. రోగి పక్కనున్న బంధువుల చేతికే గ్లాసులు ఇచ్చి తాగించమన్నారు. నూటికి ముప్ఫైమంది దాకా చనిపోతున్న చోట చావులు నాలుగు శాతం లోపుకి దిగాయి. ఆయన 2022లో పోయారు, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా ఆయన పేరు మనలో ఎంతమంది విన్నారు? నేనైతే వినలేదు.

అలాంటి పేరుని జ్యూసు డబ్బా మీద వేసి అమ్ముకుంటే అది మోసం కాదా అని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు పోరాడారు. మధ్యలో కొంతకాలం, "ఇది డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా కాదు" అని ఒక మూల రాస్తే చాలన్నారు. ఆ మూల రాసింది నేను అర్ధరాత్రి షాపు ట్యూబులైటు కింద చదవలేదు, ఎవరూ చదవరు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ వెసులుబాటు తీసేసింది. అసలు ఫార్ములా కాని పానీయం పేరులో ఆ మూడక్షరాలు ఉండకూడదంది. మా రూమ్మేట్‌కి ఈ వార్త చూపిస్తే "లేటుగా తెలిసింది మావా" అని నవ్వాడు. మీ షెల్ఫులో అసలు పొడి ప్యాకెట్లు రెండు పెట్టుకోండి. అవి లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలకొట్టి కొలవాలి.

టాబ్లెట్ల గురించి ఒక్క మాట. అన్నం వల్ల వచ్చే వాంతుల్లో చాలావరకు విషం అన్నంలోనే తయారైపోయి ఉంటుంది. అప్పుడు యాంటీబయాటిక్ చంపడానికి అక్కడేమీ లేదు, పొట్టలో మనకి పనికొచ్చే సూక్ష్మజీవులు తప్ప. తొలి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ వచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన పరిశోధన విభాగంలోంచే. అలాంటి మందుల్ని మనం చిల్లర లేనప్పుడు ఇచ్చే చాక్లెట్లలా తీసుకుంటున్నాం.

ఇక రెండో తప్పు. సోమవారం హాస్టల్లో గొడవైంది. కంప్లైంటు కాగితం తయారైంది, ఫ్రైడ్ రైస్ వేయించిన వంట బాబాయ్‌ని తీసేయాలని. "గోళ్ళు చూశారా ఆయనవి" అన్నాడొకడు. నేనూ చూడలేదు, అయినా సంతకం పెట్టాను. పైనుంచి నాలుగోది నాదే. గురువారానికల్లా బాబాయ్ లేడు.

ఆ పూట అన్నం పరీక్షకి పంపలేదు. పంపడానికి ఎవరూ దాచలేదు, గంగాళాలు రాత్రే కడిగేశారు. కాబట్టి ఇక్కణ్ణుంచి చెప్పేది నా అనుమానమే. కానీ వాంతులు మొదలైన టైము, మిగిలిన అన్నంతో ఫ్రైడ్ రైస్, ఈ రెండూ కలిపితే పుస్తకాల్లో మొదట కనిపించే పేరు బాసిల్లస్ సీరియస్. దాని బీజాలు బియ్యంలో మామూలుగానే ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ మొలకెత్తి పెరుగుతాయి. వాంతులు తెప్పించే దాని విషాన్ని పెనం మీద వేయించినా ఏమీ కాదు. అది 121 డిగ్రీలకి కూడా తట్టుకుంటుంది. అంటే బాబాయ్ గోళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నా, ఎంత బాగా వేయించినా, జరిగేది జరిగేదే.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి ఎనిమిది దాకా ఏడు గంటలు. అరగంటకోసారి రెట్టింపు అనుకుంటే పద్నాలుగుసార్లు. ఒక్కటి 16,384 అవుతుంది. ఆ పైన గంగాళం. మెకానికల్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, అంత లోతు పాత్రలో అన్నం మధ్యభాగం చల్లారడానికి గంటలు పడుతుంది. అదే అన్నాన్ని వెడల్పాటి ట్రేల్లో రెండంగుళాల మందాన పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెడితే కథ వేరు. ప్రమాదం 5 నుంచి 60 డిగ్రీల మధ్య. వండినదాన్ని దానికి పైనో కిందో ఉంచాలి, మధ్యలో గడిపే టైము తగ్గించాలి. మన అమ్మమ్మలు ప్రయాణానికి పులిహోరే ఎందుకు కట్టేవాళ్ళు? చింతపండు పులుపులో ఇలాంటివి పెరగడం కష్టం. పప్పన్నం కట్టి పంపిన అమ్మమ్మ నాకు తెలీదు.

2024 అక్టోబరు 30న తెలంగాణ పచ్చిగుడ్డు మయొనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించినప్పుడు మన గ్రూపుల్లో ఎన్ని మీమ్స్! షవర్మాకి సంతాప సభ పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఉడకని గుడ్డు, గంటల తరబడి కౌంటరు మీద. అక్కడా లెక్క ఇదే.

ఆ రోజు మిగిలిన అన్నం పారేయొద్దని బాబాయ్‌కి చెప్పిందెవరు? గంగాళం తప్ప ట్రే ఇవ్వనిదెవరు? వంటగది ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్లకే చోటు చాలదని మెస్ కమిటీ మెంబర్లమైన మనకి తెలీదా? ఇవేవీ అడగకుండా జీతం మీద బతికే మనిషి గోళ్ళ మీద పడ్డాం. అడగడం కంటే సంతకం పెట్టడం తేలిక కాబట్టి.

బాబాయ్ ఇప్పుడు బస్టాండు వెనక ఒక టిఫిన్ బండి మీద పనిచేస్తున్నాడు. మొన్న కనిపించాడు. "ఆ అబ్బాయికి తగ్గిందా?" అని అడిగి, వద్దంటున్నా ఇంకో గారె వేశాడు. కంప్లైంటులో నా సంతకం సంగతి ఆయనకి తెలుసో లేదో నాకు తెలీదు. చెప్పాలనుకుని వెళ్ళాను, చెప్పలేక వచ్చేశాను. ఇది అచ్చయ్యాక ఒక కాపీ తీసుకెళ్తాను.

ఈలోగా వార్డెన్ సర్‌కి కొత్త కాగితం ఒకటి రాశాం. మూడే అడిగాం. వంటగదికి గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి, కొన్ని వందల్లో దొరుకుతుంది. వెడల్పు ట్రేలు పది. ప్రతి పూటా వండిన ప్రతి ఐటమ్ నుంచి ఒక కప్పు మూతపెట్టి మరుసటి రోజు దాకా ఫ్రిజ్‌లో దాచడం, మళ్ళీ ఏదైనా జరిగితే పరీక్షకి పంపడానికి. బడ్జెట్ చూద్దామన్నారు సర్. ఫెస్ట్‌లో డీజేకి ఎంతయిందో గుర్తు చేయబోతే మా రూమ్మేట్ కాలు తొక్కాడు. కాగితం క్లబ్ రూములో నోటీసు బోర్డు పక్కనే ఉంది. పైది వాడి సంతకం, రెండోది నాది. ఈసారి పూర్తిగా చదివి పెట్టండి.