తప్పు నడిపినవానిది, భారం యజమానిది

రహదారి నిబంధనలను ఉల్లంఘించిన వాహనాలకు బీమా ప్రీమియం పెంచాలన్న ప్రతిపాదన చంద్రపూర్ సరిహద్దు గ్రామాల వారూ ఆలోచింపదగినది. బీమా నియంత్రణ సంస్థ నియమించిన బృందం 2021 జనవరిలో ఈ సిఫారసు చేసింది. మద్యం సేవించి నడిపితే 100 పాయింట్లు, తప్పుచోట నిలిపితే 10. ఆ లెక్కను బట్టి కారుకు రూ.300 నుండి 1,500 వరకు అదనపు ప్రీమియం. 2024లో ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నర్ వి.కె. సక్సేనా సైతం ప్రీమియాన్ని ఉల్లంఘనలతో ముడిపెట్టాలని కేంద్ర ఆర్థిక మంత్రికి లేఖ వ్రాశారు.

త్రాగి నడిపేవానిపై భారం మోపడం న్యాయమే. అయితే ఆ నివేదిక ప్రకారం చెల్లించవలసినది నడిపినవాడు కాదు, రిజిస్టరైన యజమాని. రాజురా, జివతి పల్లెలలో ఒక్క కారే అన్నదమ్ములకూ, వియ్యాలవారికీ ఆధారం. పెండ్లికనో ఆసుపత్రికనో ఆసిఫాబాదు దాకా అడిగి తీసుకుపోతారు. అల్లుని తప్పునకు మామ ప్రీమియం పెరుగుతుందన్నమాట!

మరొక చిక్కు కలదు. 1000 నుండి 1500 సీసీ కారుకు 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం రూ.3,416. బీమా లేకుండా మొదటిసారి పట్టుబడితే 2019 సవరణ చట్టం ప్రకారం జరిమానా రూ.2,000 (మూడు నెలల వరకు జైలు కూడా విధించవచ్చు, దానిని లెక్కచేసేవారు అరుదు). ప్రీమియం ఇంకా పెరిగితే బీమానే మానుకొనేవారు హెచ్చుతారు. అటువంటి కారు ఎవరినైనా ఢీకొంటే, పరిహారానికి యజమాని పొలమే అమ్మవలసి రావచ్చు. పొలమూ లేకుంటే బాధిత కుటుంబానికి దక్కేది కోర్టు తీర్పు కాగితమే.