ఉలి పట్టడానికి ఆదివారం దాకా ఆగాలా?

మా వంటింట్లో ఒక పీట ఉంది. మా అత్తమ్మ కాపురానికొచ్చిన కొత్తలో చేయించుకున్న వేపచెక్క పీట. దాని కింది బద్ద ఒకటి ఊడిపోయి, కూర్చుంటే పక్కకు ఒరిగేది. "ఏమండీ, కాస్త దీని సంగతి చూడండి" అంటే, "ఆదివారం చూద్దాంలే" అనేవారు మావారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఆదివారం వచ్చేసరికి ఆయనకూ సవాలక్ష పనులు. అట్లా ఆరు నెలలు గడిచిపోయాయి. ఆరు నెలల్లో ఎన్ని ఆదివారాలుంటాయో మీరే లెక్కేసుకోండి!

మీ ఇంట్లోనూ ఇట్లాంటి పీట ఒకటి ఉండే ఉంటుంది. పీట కాకపోతే వానకు ఉబ్బి మూసుకోని కిటికీ రెక్క, అదీ కాకపోతే గడియ పడని తలుపు. డిగ్రీలు చదివాం. బ్యాంకు పనులు చక్కబెట్టుకుంటున్నాం. పిల్లలకు లెక్కలు చెబుతున్నాం. కానీ రెండు మేకులు కొట్టాల్సి వస్తే మాత్రం మగవాళ్ల తీరిక కోసం ఎదురుచూస్తాం. ఎందుకని?

ఒకరోజు మధ్యాహ్నం విసుగెత్తి ఆ పీటను చంకన పెట్టుకుని, రామన్నపేటలో మా వీధి చివరనున్న వడ్ల తాత కొట్టానికి వెళ్లాను. ఒకప్పుడు నాగళ్లు, బండి చక్రాలు, దర్వాజాలు చేసిన మనిషి. ట్రాక్టర్లు వచ్చాక నాగలి పోయింది, రెడీమేడ్ తలుపులొచ్చాక దర్వాజాలు తగ్గాయి. పీటను అటూ ఇటూ తిప్పి చూసి, "నా చెయ్యి వణుకుతున్నది బిడ్డా. నేను చెప్త, నువ్వు కొట్టు" అన్నాడు. నేను కొట్టాను. పావుగంటలో పీట నిలబడింది. ఆరు నెలల ఆదివారాలు పావుగంటలో తేలిపోయాయి!

అదే మొదలు. మూడేళ్లయింది. వారానికి రెండు మధ్యాహ్నాలు, వంటిల్లు సర్దుకున్నాక నా చేతిలో ఉలి ఉంటుంది. ఒక చేతిరంపం, రెండు ఉలులు, చిత్రిక పట్టే రందా ఒకటి, కొయ్య సుత్తి, నూనెరాయి... అన్నీ కలిపి రెండు వేల లోపే అయ్యాయి. కరెంటు మిషన్ల జోలికి పోలేదు. చేతి పనిముట్లకు మోత ఉండదు, పక్కింటివాళ్ల నిద్ర చెడదు.

పని నేర్పమంటే తాత నెలరోజులు చెక్క ముట్టనివ్వలేదు. పదును పెట్టడమే నేర్పాడు. "మొద్దు ఉలే చెయ్యి కోస్తది బిడ్డా, పదునుది కొయ్యదు" అంటాడు. విడ్డూరంగా ఉంది కదూ? ఆలోచిస్తే నిజమే. మొద్దుబారిన ఉలిని బలంకొద్దీ తొయ్యాలి, తోస్తే జారుతుంది, జారితే చెయ్యి తెగుతుంది. మన కత్తిపీట సంగతీ అంతే కదా! ఉలి మందం ఎంతో, దానికి రెండింతలు ఏటవాలు ఉండాలన్నది ఆయన లెక్క. మన డిగ్రీ చదువు లెక్కల్లో చూసుకుంటే సరిగ్గా 30 డిగ్రీల కోణం!

తర్వాతి పాఠం చెక్క నార. నార వెంబడి రందా నడిపితే పొట్టు చుట్టలు చుట్టలుగా, మల్లెపూల దండలాగా వస్తుంది. ఎదురు నడిపితే చెక్క చీలికలు లేస్తుంది. పిల్లిని నిమిరేటప్పుడు ఎటు నిమరాలో తెలిసినట్టే ఇదీ చేతికి తెలియాలి. పచ్చి చెక్కతో పని చెయ్యకూడదనీ, అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడలో ఆరాలనీ చెప్పాడు. ఆరకముందే తొందరపడి నేను చేసిన పళ్లెం వేసవిలో అప్పడంలా వంకర తిరిగింది. దాన్ని దాచుకున్నాను, బుద్ధి కోసం.

ఇక నునుపు, మెరుగు సంగతి. ఇక్కడ మాత్రం నా వంటింటి తెలివి నన్ను ముంచింది. చెక్కకు నూనె పట్టించాలన్నారు కదా అని పల్లినూనె రాశాను. వారం తిరక్కముందే జిడ్డు, దుమ్ము, పైగా మక్కిన వాసన. తర్వాత తెలిసింది, అన్ని నూనెలూ ఆరవని. అవిసె నూనె గాలి తగిలి మెల్లగా గట్టిపడి చెక్కకు పొరలా అంటుకుంటుంది. పల్లినూనె, కొబ్బరినూనె ఆ పని చెయ్యవు. అవిసె నూనెను పల్చగా రాసి, మిగిలింది తుడిచేసి, నాలుగైదు రోజులు ఆరనిచ్చి మళ్లీ రాయాలి. ఓపిక కావాలి. మనకు ఓపిక కొత్తా?

ఒక్క మాట మాత్రం మరిచిపోకండి. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆరేటప్పుడు అందులో వేడి పుడుతుంది, దానంతటదే అంటుకుని ఇల్లు తగలబడిన సందర్భాలున్నాయి. ఆరుబయట విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

లక్క పాలిష్ ఇంకా అందంగా ఉంటుంది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల మీద బతికే చిన్న పురుగు ఇచ్చేదే లక్క. దాన్ని శుద్ధిచేసి పెంకుల్లా అమ్ముతారు. స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని గుడ్డలో చుట్టి పల్చగా పూతమీద పూత వెయ్యాలి. వానాకాలం ముసురులో వేస్తే తెల్లగా పాలిపోతుంది. వేడి గిన్నె పెడితే మచ్చ పడుతుంది. కాబట్టి అది పెట్టెలకు, అద్దం చట్రాలకే గాని వంటింటి పీటకు పనికిరాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు ఇదే లక్కను వేరే తీరులో పడతారు. తిరిగే కర్రకు రంగు లక్కను ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులతో ఆ కళకు ప్రాణం పోసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇదంతా నల్లేరు మీద నడకలా సాగిందనుకోకండి. మొదటి ఏడాదే ఉలి జారి ఎడమ బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి. ఉలి ముందు చెయ్యి పెట్టొద్దన్న మాట మరిచిపోయిన ఫలితం. కట్టు కట్టినామె "ఆడవాళ్లకు ఇవన్నీ ఎందుకమ్మా?" అంది. అత్తమ్మ "నలుగురు ఏమనుకుంటరు?" అన్నది. మావారు "మగవాళ్ల పని అని కాదు, దెబ్బ తగులుతుందనే" అన్నారు. నాకు నవ్వొచ్చింది. కూరగాయలు తరుగుతూ ఇన్నేళ్లుగా ఎన్నిసార్లు వేలు తెగిందో! నూనె చింది ఎన్ని మచ్చలో! "ఆడదానికి వంట ఎందుకు, దెబ్బ తగులుతుంది" అని ఒక్కరైనా అన్నారా?

అసలు చిక్కు దెబ్బ దగ్గర లేదు. ఏ పనిముట్టు ఎవరి చేతికి అందాలో మనకు చిన్నప్పుడే పంచేశారు. నా బడిలో పని అనుభవం పిరియడ్‌లో మగపిల్లలకు సుత్తి, రంపం ఇచ్చేవాళ్లు. మాకు సూది, ఊలు. కుట్లు అల్లికలను నేను చిన్నచూపు చూడటం లేదు. ఇప్పటికీ కుడతాను. కానీ ఎంచుకునే వీలు ఎవరిచ్చారు? 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనే చదువుకు పునాది కావాలన్నారు. స్వీడన్‌లో ఆడపిల్లలూ మగపిల్లలూ చెక్కపని, కుట్టుపని రెండూ బడిలోనే నేర్చుకుంటారు. మన పిల్లలకు ఆ భాగ్యం ఎందుకు లేదు?

ఒకరోజు తాత తన బాడిసెను తుడుస్తూ అన్నాడు, "నాకు ఇద్దరు బిడ్డలే. కొడుకులు లేకపాయె. ఈ పని నాతోనే పోతది."

"మరి బిడ్డలకు నేర్పకపోయినవా తాతా?" అన్నాను.

"ఆడపిల్లలకా..." అనబోయి, నా చేతిలో ఉన్న ఉలిని చూసి ఆగిపోయాడు. చాలాసేపటికి, "పెద్దది నా పక్కనే కూసుండేది. కొలతలన్నీ నోటికి చెప్పేది. నేనే ఇంట్లకు పో అనేటోణ్ణి" అన్నాడు. ఆ పెద్దమ్మాయి ఇప్పుడు కూలికి పోతోంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అరవై ఏళ్ల విద్య, పక్కనే కూర్చున్న శిష్యురాలు. అడ్డం వచ్చింది ఒక్క మాట.

మా రామన్నపేట మండలం సిరిపురంతో సహా ఈ చుట్టుపక్కలంతా ఇక్కత్ నేత ఊళ్లు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే ఆడవాళ్లు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం చేశారు. తల్లి పేరే దానికి పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కొడుకుకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఒక మాట ఆలోచించండి. నొప్పి తెలిసింది తల్లులకు, పనిముట్లున్నది కొడుకుల చేతుల్లో. అందరు తల్లులకూ అట్లాంటి కొడుకు దొరుకుతాడా? నొప్పి తెలిసిన చేతికే పనిముట్టు తెలిసి ఉంటే, ఎన్ని నొప్పులు ఎంత ముందే తీరేవో!

"నువ్విట్లా చేస్తే వడ్లవాళ్ల పొట్టకొట్టినట్టు కాదా?" అని ఒక స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నాకు అభిరుచి అయింది ఆయనకు అన్నం. అందుకే నెలనెలా తాతకు నేర్పిన రుసుము ఇస్తాను. ఎవరైనా బల్లో, మంచమో చేసిపెట్టమంటే ఊళ్లోని వడ్రంగి దగ్గరికే పంపుతాను. ఒక మాట చెప్పనా? ఉలి పట్టాకే నాకు వాళ్ల కూలి విలువ తెలిసింది. ఇప్పుడు బేరమాడబుద్ధి కావడం లేదు.

అందరం బల్లలు, బీరువాలు చేసెయ్యాలని నేననడం లేదు. ఇంట్లో ఒక సుత్తి, ఒక రంపం, ఒక ఉలి ఎక్కడున్నాయో మనకూ తెలియాలి. అవి మన చేతికీ అలవాటు కావాలి. ముఖ్యంగా, పక్కన కూర్చున్న ఆడపిల్లను "ఇంట్లకు పో" అనకూడదు.

మొన్న మా అమ్మాయి స్కూలు బ్యాగు తగిలించుకునే కొయ్య ఊడిపోయింది. "అమ్మా, నాన్నకు చెప్పనా?" అనలేదు. "అమ్మా, సుత్తి ఎక్కడ పెట్టావు?" అంది. పీట బాగయిన రోజుకంటే ఆ రోజే నాకు ఎక్కువ సంతోషమేసింది.

ఇంతకీ, మీ ఇంట్లో సుత్తి ఎక్కడుందో మీకు తెలుసా?