పాత చీరలు, కొత్త అప్పులు

సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు తగ్గినప్పటి నుండి ‘పొదుపు’ అనే మాట చెవుల్లో మోగుతూనే ఉంది. అక్టోబరు 16న కర్నూలులో ప్రధానమంత్రి పాల్గొన్న సభకు పెట్టిన పేరే ‘సూపర్ జీఎస్టీ, సూపర్ సేవింగ్స్’. పన్ను తగ్గడం మంచిదే. 2,500 రూపాయల లోపు బట్టలన్నిటి మీద ఇప్పుడు 5 శాతమే. ఇందులో మేము తప్పు పట్టేదేమీ లేదు. కాని ఈ పొదుపు చేతికి రావాలంటే ముందు దుకాణానికి వెళ్లాలి. ఎంత ఎక్కువ కొంటే అంత ఎక్కువ మిగిలినట్టు లెక్క. వంద ఖర్చుపెట్టి ఏడు మిగిల్చుకోవడాన్ని మన అమ్మమ్మలు పొదుపు అనేవారు కాదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల సంఘాల్లో ఖర్చులన్నీ వచ్చి పడేది ఈ చలికాలంలోనే. సెమీ క్రిస్మసులతో మొదలై క్రిస్మసు, కొత్త సంవత్సరపు ఆరాధన, ఆ వెంటనే పిల్లలు, అల్లుళ్లు ఇంటికి వచ్చే సంక్రాంతి సెలవులు. మరి ఈ ఏడు మన ప్రజల చేతిలో ఏముంది?

మిర్చి సంగతి చూడండి. రెండు మూడేళ్ల క్రితం క్వింటాలు 20 వేలు దాటిన ధర, 2025 ఫిబ్రవరి నాటికి ఎంతగా పడిపోయిందంటే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. ఆ దెబ్బ తిన్న రైతులు ఈ ఏడు మిర్చికి వెనకాడారు. మిర్చి తగ్గితే కోత కూలి కూడా తగ్గుతుంది. ఇక పత్తి. 2025-26లో పొడవు పింజ రకానికి మద్దతు ధర 8,110 రూపాయలు అన్నారు. 2025 ఆగస్టు 19 నుండి దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తివేసి, దాన్ని ఆ ఏడు డిసెంబరు 31 వరకు పొడిగించారు. బయటి పత్తి చవగ్గా దొరుకుతుంటే ఇక్కడి మిల్లు యజమాని మన రైతుకు ఎక్కువ ధర ఎందుకు పెడతాడు? సీసీఐకి అమ్ముదామంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ దొరకాలి, పత్తిలో తేమ 12 శాతం దాటకూడదు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. చేలో తడిసిన పత్తికి తేమ పరీక్ష అంటే ఏమిటో కౌలు రైతును అడిగితే చెబుతాడు.

ఈ లెక్కలు సంఘ సభ్యులకు కొత్త కాదు. ఆదివారం కానుకల సంచిలో అవి కనబడతాయి. అయినా డిసెంబరు 25 నాటికి ప్రతి ఇంట్లో ప్రతి ఒక్కరికీ కొత్త బట్టలు ఉండాలన్న నియమం మాత్రం మారదు. ఆ నియమం వాక్యములో లేదు, సంఘ నిబంధనల్లోనూ లేదు. అయినా డ్వాక్రా పొదుపులో నుండి, మేస్త్రీ దగ్గర బయానాగా, తాకట్టు దుకాణంలో చెవిదుద్దుల మీద, ఎక్కడో ఒక చోట అప్పు పుడుతుంది. 1987-88లో ఈ గుంటూరు, ప్రకాశం నేలమీదే పత్తి రైతులు అప్పుల బాధ తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. ఆ అప్పులు బట్టల కోసం చేసినవి కావు, నిజమే. కాని మునిగే పడవకు చివరి బస్తా కూడా బరువే.

ఇక్కడ మేము కొంచెం ఆగాలి. నిరాడంబరతను గురించి బోధించడం సులువు, అందులోనూ బీరువా నిండా బట్టలు ఉన్నవారికి. పత్తి తీతకు వెళ్లే చెల్లెలికి ‘తక్కువ కొను, ఉన్నదాన్ని బాగుచేసుకో’ అని ఉపదేశం చేయడం ఎంత వింతో ఆలోచించండి. ఆమె అదే చేస్తోంది. మగవాడి పాత చొక్కాను చీర మీద తొడుక్కుని చేలోకి దిగుతుంది. పెద్దవాడి నిక్కరు చిన్నవాడికి, అది చిరిగితే మసిగుడ్డకు. ఆమెకు నేర్పవలసింది ఏమీ లేదు. ఆమె దగ్గర మనమే నేర్చుకోవాలి.

ఇంకొక సంగతి కూడా ఉంది. మన సంఘాల చరిత్ర తెలియనివారు దాన్ని గ్రహించరు. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలులో డాక్టర్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. అన్నం కోసమే వచ్చారన్న మాట పడకూడదని, సహాయ పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగ కుటుంబాలవారు. కరువును దాటి వచ్చినవారు కొత్త బట్టలతో ఏటిలోకి దిగి ఉంటారని ఎవరూ అనుకోరు. వారి పిల్లలు, మనుమలు చదువుకుని, ఉద్యోగం చేసి, తెల్లని బట్టలు కట్టుకుని చెప్పులతో ఊరి నడివీధిలో గుడికి నడిచి వచ్చినప్పుడు అది ఆడంబరం కాదు, ఆత్మగౌరవం. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి, ఎంతో దూరపు కాలం కాదు. అందుకే క్రిస్మసు బట్టలు వృథా ఖర్చు అని ఎవరైనా తేలిగ్గా అంటే మేము ఒప్పుకోము. మన తాతలకు దక్కని గౌరవం ఆ మడతలో ఉంది.

అయితే ఆ గౌరవం ఇప్పుడు వడ్డీకి వస్తోంది. మా బాధ అది. మనిషిని తలెత్తుకునేలా చేసిన బట్టే ఫిబ్రవరిలో అప్పు ఇచ్చినవాడి ముందు తలదించుకునేలా చేస్తుంటే, ఆ గౌరవాన్ని వేరే విధంగా కాపాడుకునే మార్గం సంఘమే చూపాలి. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన నిరుటి చీరలో వచ్చిన తల్లిని కొత్త పట్టుచీర కట్టిన తల్లితో సమానంగా ముందు వరుసలో కూర్చోబెట్టగలిగితే ఆ మార్గం దొరికినట్టే.

ఆ ఒత్తిడిలో సంఘం వాటా చిన్నదేమీ కాదు. కొయిర్‌కు ఏటేటా కొత్త రంగు యూనిఫాం చీర ఎవరు నిర్ణయించారు? స్త్రీల సమాజము వారికి ఒక రంగు, సండే స్కూలు పిల్లల నాటికకు మరొక రంగు. ‘ఎవరిష్టం వారిది’ అంటారు కాని, నిరుటి రంగు కట్టుకున్న సోదరి ఫోటోలో వెనక వరుసకు చేరుతుంది. సంవత్సరం అంకె వేసిన ఫ్లెక్సీలు వారం తిరగకుండా పనికిరాకుండా పోతాయి. కాదు, పోవు లెండి. మన పేదలు వాటిని గుడిసె కప్పుకూ మిర్చి కల్లంలో పట్టాగానూ వాడుకుంటారు. పాస్టరుగారి నవ్వు ముఖం మీద మిరపకాయలు ఎండుతూ ఉంటాయి! ఫ్లెక్సీకి అంతకన్నా మంచి వినియోగం లేదేమో.

సంఘ కాపరులకు మా మనవి ఒక్కటే. ఈ క్రిస్మసు ఆరాధనకు పాస్టరుగారు, అమ్మగారు నిరుటి బట్టలతో వేదిక ఎక్కండి. ప్రసంగంలో ఆ సంగతి ప్రస్తావించనే వద్దు. అమ్మలక్కలు చూస్తారు, చూసి ఇంటికెళ్లి చెప్పుకుంటారు.

మరి అందరూ కొనడం తగ్గిస్తే మంగళగిరి మగ్గం ఆగిపోదా, చీరాల నేతగాడి పొట్ట కొట్టినట్టు కాదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పత్తి పండించే నేలమీద నిలబడి బట్ట కొనవద్దనడం కూడా విచిత్రంగానే ఉంటుంది. అయితే డిసెంబరులో మన ఇళ్లకు చేరే మూటల్లో ఎంత నూలు ఉంది? సూరత్ పాలిస్టరు ఎంత ఉంది? సెప్టెంబరు మార్పుల్లో కృత్రిమ నారపై పన్ను 18 శాతం నుండి 5కు, దాని దారంపై 12 నుండి 5కు దిగింది. పత్తికి ఉన్న పన్ను సౌలభ్యం అలా పోయింది. మన పొలంలో పండినదానికి పోటీగా వచ్చే బట్టను పండుగ పేరుతో మనమే కొంటున్నాం. పత్తి తీసే చేతుల మీద వేలాడే కొంగు పాలిస్టరుది. ఏడాదికి మూడు చవక చీరలకు బదులు రెండేళ్లకు ఒక మంచి నేత నూలు చీర కొంటే నేతగాడికి నష్టం లేదు, మన రైతుకు అసలే లేదు. జిప్పు మార్చడం, మడత విప్పి పొడవు చేయడం, రఫూ చేయడం వంటి పనులకు వీధి చివరి టైలరుకు బేరమాడకుండా డబ్బివ్వండి. ఆ డబ్బు కూడా ఊళ్లోనే తిరుగుతుంది.

నూలు చీరకు మరో గుణం ఉంది. అది చిరిగాక కూడా బతుకుతుంది. నాలుగైదు పాత నూలు చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, అంచులు మడిచి, వరుసగా దారం లాగుతూ కుడితే బొంత అవుతుంది. చలికి కప్పుకుంటే వెచ్చగా, వేసవిలో కింద పరుచుకుంటే మెత్తగా ఉంటుంది. పసిబిడ్డను పడుకోబెట్టడానికి దానికి మించినది లేదు. పాలిస్టరు చీరలతో కుట్టినది జారిపోతుంది, చెమట పీల్చదు. అందుకే బొంత కుట్టే పెద్దమ్మలు ‘ఈ కాలపు చీరలు బొంతకు కూడా పనికిరావు’ అంటారు. వారి మాటలో ఆర్థిక శాస్త్రం చాలానే ఉంది. పాత బట్టలకు స్టీలు గిన్నె ఇచ్చేవాడి బుట్టలో వేసే ముందు నూలు చీరలను ఒక పక్కన తీసి పెట్టండి.

మన చలి కాశ్మీరు చలి కాదు. పక్కా ఇంట్లో తలుపు వేసుకుంటే సరిపోతుంది. పొలం గట్టున పట్టా కింద పడుకునేవారికి మాత్రం తెల్లవారుజాము మంచు ఎముకల్లోకి దిగుతుంది. చెరలో ఉన్న పౌలు, త్రోయలో కర్పు దగ్గర విడిచి వచ్చిన అంగీని తీసుకురమ్మని తిమోతికి కబురు పంపాడు, చలికాలానికి ముందే రమ్మన్నాడు. అంత గొప్ప అపొస్తలుడు కొత్తది కొని పంపమనలేదు, తన పాతదే అడిగాడు. నిర్గమకాండము 22వ అధ్యాయంలో దేవుడు తాకట్టు గురించి చెప్పినప్పుడు బీదవాని పై వస్త్రాన్నే ఎత్తి చూపాడు. అది అతని ఒకే ఒక్క దుప్పటి గనుక, పొద్దుగూకక ముందే తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించినవి ఆమె కుట్టి ఇచ్చిన అంగీలు. ఆమె పంపిణీ సభ పెట్టినట్టు లేదు.

పంపిణీ అనగానే మనకు వేదిక, వరుస, ఫోటో గుర్తుకు వస్తాయి. చేతిలో దుప్పటి పట్టుకుని కెమెరా వైపు చూడమంటే, ఆ దుప్పటి వెచ్చదనం సగం అక్కడే పోతుంది. దయచేసి ఈ ఏడు ఫోటోలు వద్దు. చిరిగినవి, మరకలు పడినవి ‘పేదలకు’ అని మూటకట్టి పంపడమూ వద్దు. ఉతికి, గుండీలు కుట్టి, మీ పిల్లలకు తొడిగేంత శుభ్రంగా ఉంటేనే ఇవ్వండి.

మిర్చి కోతల కాలంలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుండి కుటుంబాలు పిల్లాపాపలతో మన మండలాలకు వలస వస్తాయి. బడి మానేసిన పిల్లలు కూడా వారితో ఉంటారు. చేల పక్కన పట్టాల కింద ఫిబ్రవరి, మార్చి దాకా ఉంటారు. వారిలో ఎక్కువమంది మన సంఘస్థులు కారు. మన భోజన పంక్తుల లెక్కలోకీ రారు. స్త్రీల సమాజము వారు కొయిర్ చీరల చందా బదులు ఈ నెల పాత నూలు చీరలు, సూదులు, దారపు ఉండలు పోగుచేస్తే, శనివారం మధ్యాహ్నాలు నలుగురు కూర్చుని కుడితే, కోతలు ముమ్మరమయ్యే నాటికి ఒక్కో సంఘంలో పది బొంతలైనా తయారవుతాయి. కుట్టడం వచ్చిన పెద్దమ్మలు ప్రతి పేటలోనూ ఉన్నారు. చూపు ఆనక సూదిలో దారం ఎక్కించలేకపోతున్నామంటారు. దానికి సండే స్కూలు పిల్లలు చాలు.