రౌటర్ మా ఇంట్లో, తాళంచెవి వాళ్ల దగ్గర

బోథ్‌లో ప్రింటర్ ఖరాబైందని ఎవరు పిలిచినా నేను ముందు చూసేది రౌటర్‌ను. లెక్కల సారుగా రిటైరయ్యాక వాడకట్టులో నాకు అంటుకున్న పని ఇది. పిల్లల ప్రాజెక్టు వర్కులు, గురుకులాల హాల్‌టికెట్లు, భూభారతి కాగితాలు, హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే కోడలి ఫైళ్లు, అన్నిటికీ ఒక్క ఇంక్‌ట్యాంక్ మిషన్ చాలు. కింది గదిలో పెట్టి, పై పోర్షన్ వాళ్లూ వైఫైలో వాడుకోవచ్చని కొంటారు. ఆలోచన మంచిదే.

కొన్నాళ్లు బాగానే నడిచి, ఓ పొద్దున ఫోనొస్తుంది. “సారూ, నిన్నటిదాకా మంచిగనే ఒచ్చింది, ఇయ్యాల ఆఫ్‌లైన్ అంటున్నది.” రాత్రి కరెంటు పోయిందా అని అడుగుతాను. పోయే ఉంటుంది. గాలిదుమారం లేస్తే ఇక్కడ కరెంటు పోవుడు, వచ్చుడు కొత్త కాదు.

ఆ సందులోనే అసలు లొల్లి. ఇంట్లో ప్రతి పరికరానికీ రౌటర్ ఒక ఐపీ నంబరు ఇస్తుంది, అదీ కొంతకాలానికే. నిన్న ప్రింటర్‌ది 192.168.1.7. కరెంటు వచ్చాక ఆ 7 ఎవరి ఫోనుకో పోయి, ప్రింటర్‌కు 12 దక్కింది. పై పోర్షన్ కంప్యూటర్ మాత్రం పాత నంబరుకే ఫైలు పంపి, జవాబు రాక, ప్రింటరే లేదని తేల్చేస్తుంది. నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీసి చూస్తే సంగతి బయటపడుతుంది. అందులో నంబరు 169.254తో మొదలైతే కథ వేరు. రౌటర్ పూర్తిగా లేవకముందే ప్రింటర్ లేచి, ఇచ్చేవాడు లేక తనకు తానే ఒక నంబరు పెట్టుకుందన్నమాట. రౌటర్ లైట్లు నిలకడగా వెలిగాక ప్రింటర్ ఆపి వేస్తే సరిపోతుంది.

మళ్లీ మళ్లీ రాకుండా చేయాలంటే, రౌటర్ సెట్టింగుల్లో ఈ ప్రింటర్ మ్యాక్ అడ్రసుకు ఎప్పుడూ ఇదే నంబరు అని రిజర్వేషన్ రాసిపెట్టాలి. తర్వాత కంప్యూటర్‌లో ఆ నంబరుతోనే టీసీపీ/ఐపీ పోర్టు పెట్టాలి. ఐదు నిమిషాల పని.

లోపలికి పోనిస్తే కదా! పాస్‌వర్డ్ అడిగితే కనెక్షన్ ఇచ్చిన పోరగాడు “అది మా ఆఫీసోళ్లకే ఉంటది సార్, మీకియ్యరు” అన్నాడు. నెలనెలా బిల్లు కట్టేది మనం, కరెంటు మనది, గోడకు మేకు కూడా మనదే. జనం సెట్టింగులు కెలికి మళ్లీ మాకే ఫోన్ చేస్తారని వాళ్ల వాదన. అందులో కొంత నిజముంది, కాదనను. కానీ ఇంటర్నెట్ లైను సెట్టింగులు దాచిపెట్టి, ఇంటి లోపలి సెట్టింగులు మాత్రం తెరిచే విడి లాగిన్ చాలా రౌటర్లలో ఉంటుంది. అదైనా ఇవ్వడానికి ఏం అడ్డం?

ప్రింటర్‌లోనే నంబరు ఖాయం చేసుకోవచ్చు కదా అంటారు తెలిసినవాళ్లు. చేయవచ్చు. అయితే రౌటర్ పంచే నంబర్ల హద్దుకు బయట ఉన్నది ఎంచుకోవాలి, లేకపోతే రెండు పరికరాలకు ఒకే నంబరు పడి కొట్లాట. ఆ హద్దు తెలియాలంటే మళ్లీ ఆ పాస్‌వర్డే!

విసిగిపోయినవాళ్లు ప్రింటర్‌ను యూఎస్‌బీ వైరుతో ఒక కంప్యూటర్‌కు కట్టి షేర్ చేస్తున్నారు. అప్పుడు ఆ కంప్యూటర్ పొద్దస్తమానం నడుస్తూనే ఉండాలి. పైగా 2021లో విండోస్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడ్డాక మైక్రోసాఫ్ట్ వేసిన సెక్యూరిటీ అప్‌డేట్లతో చాలాచోట్ల ఇలా షేర్ చేసిన ప్రింటర్లు 0x0000011b ఎర్రర్ చూపించి మొరాయించాయి. రిజిస్ట్రీలో ఒక విలువ మారిస్తే చాలని వీడియోలు చెప్తాయి. ఆ మార్పు తీసేసేది కొత్తగా వేసిన రక్షణనే. నేనైతే ఎవరింట్లోనూ అది చేయను.

ప్రింటర్ దగ్గర తాళంచెవి లొల్లి కొత్తదేం కాదు. అమెరికాలో ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఇచ్చిన లేజర్ ప్రింటర్‌కు సోర్స్ కోడ్ రాలేదు. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు పంపే ఏర్పాటు చేద్దామనుకున్న అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ చేతులు కట్టేసినట్టయింది. 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనుక ఆయన చెప్పే కారణాల్లో ఆ కోపమూ ఉంది. మనకు అంత ఉద్యమం అక్కర్లేదు. కొత్త కనెక్షన్ పెట్టే పోరగాడు ఇంకా స్టూలు దిగకముందే ఇంటి సెట్టింగుల లాగిన్ అడిగి రౌటర్ కింద చీటీ అంటించుకోండి, ప్రింటర్ నంబరు అతని చేతనే రిజర్వు చేయించండి. ఇన్‌స్టలేషన్ పైసలు ఆ తర్వాతే ఇవ్వండి.